బొట్టు పెట్టి పిలిచిన మార్కెటింగ్

మా ఆవిడ కొట్టుకు ఫేస్‌బుక్‌లో పేజీ తెరిచింది నేనే. పేజీ తెరవడం మన చేతిలో పని. తెరిచిన పేజీని ఇంకొకరు చదవడం మాత్రం మన చేతిలో లేదు. పిల్లలకు తెలుగు వాచకం చెప్పి బతికేవాణ్ణి, ఆ సంగతి నాకు అందరికన్నా ముందే తెలిసి ఉండాల్సింది.

జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. నేను చెప్పేది సంధులు, ఆవిడ కొట్టున్నది సందులో. మెయిన్ బజారులోంచి పక్కకు తిరిగితే వచ్చే ఆ సందులో ఆవిడది మ్యాచింగ్ సెంటర్. ఆడవాళ్లు చీర పట్టుకొస్తారు. దానికి నప్పే జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్సు, లంగా ఆవిడ వెతికి ఇస్తుంది. ఒకప్పుడు పెళ్లిళ్ల రోజుల్లో ఆ సందులోకి సైకిలు కూడా దూరేది కాదు. ఇప్పుడు చీరతోపాటు కుట్టిన జాకెట్టు కూడా ఫోన్లో నొక్కితే ఇంటికొస్తోంది. సందులో ఇవాళ లారీ అయినా హాయిగా రివర్సు తిప్పుకుని వెళ్లొచ్చు.

ఇలా ఉండగా నందిగామలో ఒక పెద్ద బట్టల షోరూం యజమాని ఆవిడకు కబురు చేశాడు. సరుకు కొనే దగ్గర పాత పరిచయం. మంచివాడే. “మా షాపులో జాకెట్ల సెక్షను నువ్వు చూసుకోమ్మా. ఏసీ ఉంటది, నెల తిరిగేసరికి జీతం ఉంటది. ఆ సందులో కూర్చుని ఎవరి కోసం ఎదురుచూస్తావు?” అన్నాడు. ఆవిడ అవునూ అనలేదు, కాదూ అనలేదు. “శ్రావణం చూసి చెప్తా అన్నయ్య గారూ” అంది.

శ్రావణ మాసమంటే మ్యాచింగ్ సెంటర్లకు కోతల కాలం. నోములు, వ్రతాలు, వాటితోపాటే పెళ్లి ముహూర్తాలు. శ్రావణం పండితే కొట్టు, ఎండితే నందిగామ. అదీ మా ఇంట్లో ఆ ఏటి లెక్క. ఆవిడకు ఉద్యోగమంటే చులకనేం లేదు, ఉద్యోగం చేసేవాణ్ణే చేసుకుంది. కానీ పొద్దున తన కొట్టు తాళం తను తీసి, గడపకు నీళ్లు చల్లి, దండెం మీద గుడ్డలు దులిపి కూర్చునే మనిషి. ఇంకొకరు తీసిన తలుపులోంచి లోపలికి వెళ్లాలంటే ఆవిడ కాలు ఎలా పడుతుందో నాకు ఊహకు అందలేదు. ఆవిడ ఆ మాట పైకి అనేది కాదు. ఆ రోజుల్లో పప్పులో ఉప్పు తగ్గితే మాత్రం నాకు అర్థమయ్యేది.

అందుకని పేజీ తెరిచాను. ‘రంగుల లోకం, రవికల శ్లోకం’ అని మొదటి పోస్టు పెట్టాను. దానికి మూడు లైకులు. ఒకటి నాది. రెండోది మా ఆవిడది, ఆవిడ ఫోను తీసుకుని నేనే నొక్కాను. మూడోది మా బావమరిదిది. చెయ్యి తగిలి పడిందని తర్వాత వాడే చెప్పాడు.

ఆషాఢం మొదట్లో వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. నందిగామ దగ్గర హైవే పక్క కల్యాణ మండపంలో సోషల్ మీడియా మార్కెటింగ్ కాన్ఫరెన్స్. చిన్న వ్యాపారులకు ప్రత్యేకం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి మండపాలు చవగ్గా దొరుకుతాయి, హైదరాబాదు వాళ్లకూ విజయవాడ వాళ్లకూ దారిలోనే పడుతుంది. నేను ఇద్దరికీ ఫీజు కట్టేసి వచ్చి చెప్పాను.

“కట్టేసారా? తిరిగి ఇవ్వరా?”

“ఇవ్వరు.”

“అయితే ఏదీ వదిలిపెట్టకూడదు” అంది ఆవిడ.

వదిలిపెట్టకపోవడం ఎలాగో నేను ఫోన్లో చదివాను. కాన్ఫరెన్సును పూర్తిగా పిండుకోవాలంటే ముందు వరసలో కూర్చోవాలట. తెలియనివాళ్లతో మాట కలపాలట. విజిటింగ్ కార్డులు గుప్పెళ్లతో పంచాలట. కార్డుల కోసం బజార్లో ప్రెస్సుకు వెళ్లాను. అతని చేతి మీదుగా నడిచేవన్నీ పెళ్లి శుభలేఖలు. నా కార్డు కూడా అలవాటు కొద్దీ అదే మూసలో పోశాడు. పైన వినాయకుడు, పక్కన శ్రీరస్తు, శుభమస్తు, నడుమ మా కొట్టు అడ్రసు, కింద ‘బంధుమిత్రుల అభినందనలతో’. నాలుగు మూలలా పసుపు రంగు కూడా వేశాడు, అది ఉచితమట.

మా ఆవిడ కార్డు తిప్పి చూసింది. “ఇది పట్టుకెళ్తే అక్షింతలేస్తారు” అంది. కాసేపు ఆలోచించి కొట్లోంచి పెట్టుబడి ముక్కల కట్ట ఒకటి తీసి సంచిలో పెట్టింది.

పెట్టుబడి ముక్క అంటే వ్యాపారంలో పెట్టే పెట్టుబడి కాదు. పేరంటానికొచ్చిన ముత్తయిదువకు తాంబూలంలో పెట్టే జాకెట్టు ముక్క. దాన్ని ఎవరూ కుట్టించుకోరు. ఈ శుక్రవారం నీకు వచ్చింది వచ్చే శుక్రవారం ఎదురింటికి పోతుంది, అక్కణ్ణించి వాళ్ల వియ్యపురాలికి, అక్కణ్ణించి ఇంకో ఊరికి. దానికున్న షేర్లు నా పోస్టులకు జన్మలో రావు. ప్రతి ముక్కకూ ఓ మూల మా కొట్టు పేరు, ఫోను నంబరు ఉన్న స్టిక్కరు అంటించి ఉంటుంది.

“కార్డుకి బదులు ఇవే ఇస్తా” అంది.

“కాన్ఫరెన్సులో జాకెట్టు ముక్కలేంటి? నవ్వుతారు.”

“మీ వినాయకుణ్ణి చూసి నవ్వరా?”

ముత్తయిదువ చేతికి జాకెట్టు ముక్క ఉత్తినే ఇవ్వకూడదు గదా, కుంకుమ భరిణె కూడా సంచిలో పడింది. ఇదంతా నాకు అప్పుడు తమాషాగానే అనిపించింది.

కల్యాణ మండపంలో జ్యేష్ఠ మాసపు పెళ్లి తాలూకు బంతిపూలు ఇంకా గుమ్మానికి ఎండి వేలాడుతున్నాయి. వేదిక మీద వధూవరుల సింహాసనాలు తియ్యలేదు, బరువు కాబోలు. హైదరాబాదు నుంచి వచ్చిన వక్త, తెల్ల బూట్లు, బిగుతు కోటు వేసుకున్న కుర్రాడు, వరుడి కుర్చీలో కూర్చున్నాడు. కార్యక్రమం నడిపే అమ్మాయి పక్క కుర్చీలో కూర్చుంది. “ఈడూ జోడూ బావుంది” అని నా వెనక ఎవరో గొణిగారు.

నేను ముందు వరసకు ఎగబడ్డాను గానీ అది స్పాన్సర్లదట, రెండో వరసకు నెట్టారు. నా ముందు కూర్చున్న స్పాన్సరు వెనక్కి తిరిగి నవ్వాడు. నందిగామ షోరూం యజమాని! మా ఆవిడ దణ్ణం పెట్టింది. ఆయనది నిగనిగలాడే బట్టతల. తెర మీద పడ్డ ప్రతి స్లయిడునూ నేను ఫోటో తీశాను. ఇంటికెళ్లి చూసుకుంటే అన్నిట్లోనూ సగం ఆయన తలే. నిజం చెప్పొద్దూ, తెర మీదకన్నా ఆ తల మీదే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, తలకిందులుగా.

కుర్రాడు బాగానే మాట్లాడాడు. “కంటెంటే రాజు” అన్నాడు. “మరి మంత్రి ఎవరంట?” అంది మా ఆవిడ నా చెవిలో. తెర మీద గరాటు బొమ్మ వేసి, పైన చాలామంది పడితే కింద కొద్దిమందే కొనేవాళ్లుగా తేలతారు అన్నాడు. “మనకి పైన పడేవాళ్లే లేరు, గరాటు ఎందుకు?” అంది. ఆ తర్వాత అతను సభను చూసి, “మీలో ఎంతమందికి ఎంగేజ్‌మెంట్ బావుంది? నిజం చెప్పండి” అని అడిగాడు. పక్క వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడి, “మా అమ్మాయిది మాఘంలో అనుకుంటున్నామండీ” అన్నాడు. మండపం ఘొల్లుమంది. పోస్టులకు జనం ఎంత స్పందిస్తున్నారని అడగబోయిన వక్త కూడా నవ్వాడు పాపం. పెద్దాయన మాత్రం, పెళ్లి మండపంలో పిలిచి అడిగితే ఇంకేం చెప్తారనుకున్నార్రా అన్నట్టు చూసి కూర్చున్నాడు.

చివర్లో కుర్రాడు గొంతు తగ్గించి ఒక మాట చెప్పాడు. మొదటి పరిచయంలోనే అమ్మడం మొదలుపెట్టొద్దు, ముందు మీరు ఏదైనా ఇవ్వండి, ఆశించకుండా ఇవ్వండి, అమ్మకం తర్వాత అదే వస్తుంది. నేను పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

“ఇంగ్లీషులో ఏదో అన్నాడు, ఏంటది?” అంది మా ఆవిడ.

“ముందు ఇవ్వమంటున్నాడు. తర్వాతే అమ్మమంటున్నాడు.”

“మంచి పిల్లాడు. తల్లి బాగా పెంచింది” అని భరిణె బయటికి తీసింది.

టీ విరామంలో ఇద్దరం చెరో వైపూ వెళ్లాం. నేను మగవాళ్ల గుంపులో చొరబడి ఒకాయనకు నా కార్డు ఇచ్చాను. ఆయన చదవకుండానే కళ్లకద్దుకుని, “తప్పకుండా వస్తామండీ, ముహూర్తం ఎన్నింటికి?” అన్నాడు. విజిటింగ్ కార్డండీ అన్నాను. ఆయన అప్పుడు చదివి, “మ్యాచింగ్ సెంటరా? సంబంధాలు చూస్తారన్నమాట” అన్నాడు. మిగతా కార్డులు జేబులోకి తోశాను. నిర్వాహకులు ఉచితంగా ఇచ్చిన గుడ్డ సంచి ఒకటి, పెన్ను ఒకటి, వక్తతో సెల్ఫీ ఒకటి, ఇవీ అప్పటికి నేను పిండుకున్నవి. సెల్ఫీలో వక్త కళ్లు మూసుకున్నాడు. నాకు అంతకన్నా మంచి ఫోటో రాదు.

ఆవిణ్ణి వెతుక్కుంటూ వెళ్లేసరికి చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర ఆడవాళ్లంతా చేరి ఉన్నారు. మా ఆవిడ అక్కడ ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి, ముక్క చేతిలో పెడుతోంది. పరిటాల నుంచి వచ్చి పచ్చళ్లు అమ్మే ఆవిడ, రెడ్డిగూడెం నుంచి వచ్చి మామిడి పళ్లు ఫోన్లో అమ్మే ఆవిడ, ఇంకా ఎవరెవరో. బురఖా వేసుకున్న ఒకామె నవ్వుతూ నిలబడింది. మా జగ్గయ్యపేటలోనే జాకెట్లు కుడుతుంది. మా ఆవిడ చెయ్యి గాల్లో ఆపి, “పెట్టొచ్చామ్మా?” అంది.

“బొట్టొద్దక్కా. ముక్కివ్వు” అంది టైలరమ్మ. “నీ దగ్గర ముక్కలు మంచియుంటాయి, కత్తెరకి ఎదురుతిరగవు.”

అంతా బాగానే జరుగుతోంది. అప్పుడు పెనుగంచిప్రోలు నుంచి వచ్చినావిడ, మగ్గం వర్కు చేస్తుందట, బొట్టు పెట్టించుకుని, ముక్క తీసుకుని, ఎంతకీ కదలకుండా నిలబడింది.

“ఏ రోజమ్మా?” అంది.

“ఏంటి ఏ రోజు?”

“అదేందమ్మా, బొట్టు పెట్టి పిలిచి ఏ రోజో చెప్పకపోతే ఎట్టా వస్తాం? నోమా, వ్రతమా? ఏ ఊళ్లో?”

మా ఆవిడ నా వైపు చూసింది. నేను గుడ్డ సంచి వైపు చూశాను. మా వైపు బొట్టు పెట్టడమంటే పిలవడమే. శుభలేఖ ఇచ్చినా, ఫోను చేసినా, పది మందిలో చెప్పినా అది పిలుపు కాదు. ఇంటికొచ్చి బొట్టు పెడితేనే పిలుపు. ఒకసారి పెట్టాక, అబ్బే ఊరికే పెట్టానండీ అనడం జరగదు. అంటే బొట్టునే ఆటపట్టించినట్టు. కుళాయిల దగ్గర అప్పటికే బొట్టు పెట్టించుకున్న ఆడవాళ్లందరూ మెల్లగా వెనక్కి తిరిగారు. వాళ్ల మొహాల్లోనూ అదే ప్రశ్న. మర్యాద కొద్దీ ఇందాక అడగలేదంతే.

“శ్రావణం ఆఖరి శుక్రవారం” అంది మా ఆవిడ. “పేటలో. పేరంటం.”

“ఇల్లెక్కడ?”

ఇంట్లో హాలు సగం స్టాకు, సగం నా పుస్తకాలు. “ఇల్లు కాదు, మా కొట్లో.”

“కొట్లోనా!”

“కొట్లోనే. లక్ష్మీదేవి కూర్చోవాల్సింది అక్కడేగా?”

ఇక మధ్యాహ్నమంతా మా ఆవిడ మండపంలో వరస వరసకూ తిరిగి, పొద్దున బొట్టు పెట్టినవాళ్లను వెతికి పట్టుకుని రోజు చెప్పింది. వేదిక మీద ఎవరో ‘ఆడియెన్సును గుర్తించడం’ గురించి మాట్లాడుతున్నారు. ఆవిడ గుర్తించుకుంటూ పోతోంది. మెడలో ట్యాగు వేసుకున్న అమ్మాయి ఒకతె పరిగెత్తుకొచ్చి, “మేడమ్, స్టాల్ తీసుకోనివాళ్లు ఏదీ పంచకూడదు” అంది. మా ఆవిడ ఆ అమ్మాయికి బొట్టు పెట్టింది. అమ్మాయి రెండు క్షణాలు తటపటాయించి, “ఎల్లో కలర్ ఉందా మేడమ్?” అంది.

మధ్యలో, భోజనాల దగ్గర, షోరూం యజమాని మా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

“ఏమ్మా, కొట్లో పేరంటం పెడుతున్నావంటగా? మంచి ఆలోచన. మూసేముందు లక్ష్మీదేవిని బాగా సాగనంపాలి. మా ఇంట్లోవాళ్లని కూడా పంపిస్తా. ఆ తర్వాత సోమవారం మంచిది, వచ్చెయ్.”

ఆయన నిజంగా మంచిగానే అన్నాడు. మా ఆవిడ నవ్వుతూ తల ఊపింది. విస్తట్లో గుత్తివంకాయ అలాగే ఉండిపోయింది. ఆవిడ గుత్తివంకాయ వదిలెయ్యడం నేను చూడటం అదే మొదలు.

బస్సు నందిగామ దాటింది.

“కాన్ఫరెన్సుకి రమ్మంటే పేరంటం మోసుకొచ్చావు” అన్నాను.

“ముందు ఇవ్వమన్నాడని మీరేగా చెప్పింది?”

“ఇవ్వమన్నాడు గానీ, పసుపు కుంకాలు ఇవ్వమన్నాడా?”

“మరి మన దగ్గర ఇంకేం ఉన్నాయండీ ఇవ్వడానికి?” అని కిటికీ వైపు తిరిగింది. చిల్లకల్లు వచ్చేదాకా అలాగే ఉంది. తర్వాత, “సాగనంపడం అన్నాడు చూసారా” అంది, తనలో తను అనుకున్నట్టు. నేను నా ఉచిత పెన్నును మూత తీసి, మూత పెట్టి కూర్చున్నాను. చేసేందుకు నాకు ఇంకే పనీ దొరకలేదు.

శ్రావణం వచ్చింది. మొదటి వారాలు పండలేదు, అలాగని ఎండనూ లేదు. చినుకుల్లా ఒకరూ ఇద్దరూ వచ్చి పోయారు. నేను పేజీలో రోజుకో పోస్టు చొప్పున వదిలాను. బావమరిది చెయ్యి కూడా తగలడం మానేసింది. ఆఖరి శుక్రవారం దగ్గరపడే కొద్దీ, ఎవరూ రాకపోతే ఎలాగని నాకూ, అందరూ వస్తే ఎలాగని ఆవిడకూ దిగులు. అయినా ముందురోజే శనగలు నానబోసింది, ఊరికంతటికీ సరిపోయేన్ని.

అందరూ వచ్చారు. అప్పటికి బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చేసింది. పరిటాల నుంచి, రెడ్డిగూడెం నుంచి ఒక్కొక్కరూ ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని దిగారు. పెనుగంచిప్రోలు నుంచి మగ్గం వర్కు ఆవిడ ఆటో నిండా తోడికోడళ్లతో వచ్చింది. టైలరమ్మ వచ్చి, “పేరంటం మీది, వంతు పని నాది” అని చెప్పులు సర్దే పని పెట్టుకుంది. సందులో మళ్లీ సైకిలు దూరలేదు. ఎదురు కొట్టు కిరాణా ఆయన బయటికొచ్చి, “మాస్టారూ, ఏమన్నా ఫ్రీగా ఇస్తన్నారా?” అని అడిగాడు. శనగలు అన్నాను.

కౌంటరు మీద కలశం, వెనక అరల్లో రంగులు రంగులుగా గుడ్డ తానులు. అమ్మవారికి ఇంత మ్యాచింగ్ ఎప్పుడూ కుదిరి ఉండదు. మా ఆవిడ గడప దగ్గర కూర్చుని ఒక్కొక్కరి కాళ్లకూ పసుపు రాసి, గంధం పూసి, శనగలు, అరటిపండు, తాంబూలం చేతిలో పెడుతోంది.

నాకు చేతులు దురద పెట్టాయి. ఇంత జనం! గరాటు పైదాకా నిండి పొంగుతోంది. వచ్చినవాళ్లలో సగం మంది చంకల్లో కవర్లున్నాయి, కవర్లలో చీరలు. మ్యాచింగ్ సెంటరుకి వస్తూ చీర తెచ్చుకోని ఆడది ఉంటుందా? ఒకావిడ అప్పుడే నెమలికంఠం రంగు పట్టుచీర తీసి అరల వైపు చూస్తోంది. నేను మెల్లగా కౌంటరు వెనక్కి చేరి సొరుగు లాగాను.

“ఏమండీ” అంది మా ఆవిడ, తల ఎత్తకుండానే. “సొరుగు మూసెయ్యండి.”

“ఆవిడ చీర తెచ్చుకుందే, ముక్క చూపిస్తున్నా.”

“పేరంటానికి పిలిచి బేరం చేస్తానా? ఈ చేత్తో కాళ్లకి పసుపు రాసి, ఈ చేత్తో డబ్బులు తీసుకోమంటారా?”

“అది కాదే, ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు? ఇంతమంది మళ్లీ వస్తారా?” అన్నాను గొంతు తగ్గించి. “సోమవారం గుర్తుందా?”

ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గుర్తున్నట్టే ఉంది. “మూసెయ్యండి” అంది మళ్లీ.

నెమలికంఠం చీర ఆవిడే నా మీద జాలిపడి, “వద్దులే బాబాయ్ గారూ, శుక్రవారం పూట మేం కూడా డబ్బు తియ్యం” అంది. సొరుగు మూశాను. మా కొట్టు చరిత్రలోనే అంత మంది ఎప్పుడూ రాలేదు, అంత తక్కువ వ్యాపారం కూడా ఎప్పుడూ జరగలేదు.

పోనీ ప్రచారమైనా దక్కించుకుందామని ఫోను పైకెత్తి పేజీలో లైవ్ పెట్టాను. సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ, జనాన్ని, కలశాన్ని, గుడ్డలను చూపిస్తూ, పురాణం చెప్పినంత భక్తిగా వ్యాఖ్యానం చేశాను. కాసేపటికి బావమరిది కామెంటు వచ్చింది: ‘బావా, శనగలు మింగాక మాట్లాడు.’ చూసుకుంటే కెమెరా నా వైపు తిరిగి ఉంది. పేరంటమంతా నా మొహమే వెళ్లింది. చిత్రమేమిటంటే, పేజీ పెట్టాక ఎక్కువమంది చూసింది దాన్నే.

మధ్యాహ్నం దాటాక బస్సుల టైమైందని ఒక్కొక్కరూ లేవడం మొదలుపెట్టారు. నెమలికంఠం చీర ఆవిడ గడప దాటబోయి ఆగింది.

“ఇంకో వారంలో మళ్లీ వస్తాగా. ఈ చీర మోసుకెళ్లి మోసుకురావడమెందుకు, ఇక్కడే ఉంచనా అక్కా? తీరిగ్గా చూసి పెట్టు.”

“ఉంచమ్మా” అంది మా ఆవిడ.

అది విన్న పెనుగంచిప్రోలు ఆవిడ, “అయితే మాయి కూడా ఉంచు. మా తోడికోడలి కూతురి పెళ్లికి పెట్టేయి. ఏది ఎవరిదో నీకు గుర్తుంటదిగా?” అని ఒక మూటే దింపింది.

“గుర్తుండకేం.”

ఆ తర్వాత కవరు వెనక కవరు. కౌంటరు మీద చోటు లేక స్టూలు మీద, స్టూలు చాలక నా కుర్చీలో పెట్టారు. ఆడవాళ్లు పట్టుచీరను సొంత చెల్లెలికి ఇవ్వాలంటే నాలుగు సార్లు ఆలోచిస్తారని నాకు తెలుసు. కాన్ఫరెన్సులో కుళాయి దగ్గర ఒకసారి చూసిన మనిషి చేతిలో ఇన్ని పెట్టేసి, రసీదు అడక్కుండా, శనగలు నములుతూ వెళ్లిపోతున్నారు. పేరు చీటీ ఒకటి అంటిద్దామని నేనంటే మా ఆవిడ నన్ను చూసిన చూపుకు ఆ ఆలోచన అక్కడే చచ్చింది.

చివరికి షోరూం యజమాని భార్య మిగిలింది. ఆయన మాట ప్రకారం నిజంగానే పంపాడు. తాంబూలం తీసుకుని, నా కుర్చీ మీది చీరల గుట్ట చూసి, “వదిన గారూ, సోమవారం నుంచి మా దగ్గరికి వస్తున్నారని మావారు అన్నారు” అంది.

మా ఆవిడ గుట్ట వైపు చూసింది. “ఆయనకి ఫోను చేస్తానని చెప్పండి వదిన గారూ” అంది.

ఆ రాత్రి మిగిలిన శనగలు తాలింపు వేసింది. పొద్దున వేసింది, మర్నాడూ వేసింది. ఆ వారం మా ఇంట్లో ఏ మూల చూసినా శనగలే. ఉప్పు మాత్రం సరిగ్గా పడింది.

సోమవారం ఆవిడ ఎప్పటిలాగే కొట్టు తీసింది. కాలేజీకి వెళ్తూ నేను అక్కడ ఆగాను, ఉండబట్టలేక. ఆవిడ నెమలికంఠం చీర కొంగు ఒక చేత్తో, తానులోంచి చింపిన చిన్న పేలిక ఇంకో చేత్తో పట్టుకుని సందు మధ్యలో నిలబడి ఉంది. ట్యూబ్‌లైటు కింద ఒకటనిపించిన రంగు బయట వేరే తేలుతుందని ఆవిడ ఏ ముక్కనైనా ఎండలోకి తెచ్చే చూస్తుంది. అప్పుడే ఫోను మోగింది. రెండు చేతులూ ఖాళీ లేక, స్పీకరు నొక్కమని నాకు సైగ చేసింది.

“ఏమ్మా, బయల్దేరావా?” అన్నాడు షోరూం యజమాని.

“రాలేనన్నయ్య గారూ. ఇంకెవరినన్నా చూసుకోండి.”

“కాన్ఫరెన్సు అంత పన్చేసిందా ఏంటి? నేను స్పాన్సర్ని, ముందు వరసలో కూర్చున్నా, నాకేం పన్చెయ్యలేదే!”

“మీరు భోంచేసి వెళ్లిపోయారుగా, సాయంత్రం దాకా ఉండాల్సింది.”

ఆయన నవ్వాడు. తర్వాత కొంచెం గంభీరంగా, “సరదాకి అనట్లేదమ్మా. ఒక పేరంటంతో కొట్టు నిలబడతదా? ఆ శుక్రవారం బోణీ కూడా చెయ్యలేదంట, మా ఆవిడ చెప్పింది. ఆలోచించుకో” అన్నాడు.

అది నేను అడగాల్సిన ప్రశ్నే. నిలబడుతుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చిన ఆడవాళ్లు చీరల కోసం మళ్లీ వచ్చారు, వచ్చినప్పుడల్లా ఇంకొకర్ని తెచ్చారు, ఆ ఏడు గడిచింది, తర్వాతి ఏటి సంగతి తర్వాత. కానీ ఆ పొద్దున అదేదీ ఇంకా జరగలేదు. ఎండలో నిలబడ్డ మా ఆవిడ దగ్గర ఉన్నది ఒకే ఒక్క జవాబు.

“నిజమే అన్నయ్య గారూ. కానీ లోపల ఇంతమంది చీరలున్నాయి. ఇవన్నీ ఎవరికి అప్పజెప్పి రమ్మంటారు?”

ఫోను పెట్టేశాక నేను ఏదైనా మంచి మాట చెప్పాలని గొంతు సవరించుకున్నాను. నాలాంటి తెలుగు మాస్టారుకు అలాంటి చోట మాట తడుముకోవడం కొత్త.

“కాస్త పక్కకి జరగండి” అంది ఆవిడ, పేలికను కొంగు మీద ఆనించి చూస్తూ. “ఎండకి అడ్డమొస్తున్నారు.”